నలుగురు స్టూడెంట్లం, రోమ్‌లో రెండు రోజులు: తక్కువ ఖర్చుతో ఎలా తిరగాలి?

మిలాన్‌లో మాస్టర్స్ చేస్తున్నామని, నలుగురు కలిసి రోమ్ చూడాలనుందని, స్కాలర్‌షిప్ రెండో విడత ఇంకా పడక వెనకాడుతున్నామని రాశారు. ఆ పరిస్థితి నాకు బాగా తెలుసు. బొలోన్యాలో చదివేటప్పుడు 2024 ఫిబ్రవరిలో మేమూ నలుగురం ఇలాగే బయల్దేరాం. ఒకడిది గుంటూరు, ఇద్దరిది వరంగల్, నాది రాజమండ్రి. ధైర్యంగా వెళ్లండి. రోమ్‌లో నాకు ఇప్పటికీ కళ్లముందు మెదిలేవాటిలో చాలావాటికి అసలు టికెట్టే లేదు.

ముందు తేదీ ఖాయం చేసుకోండి, బస్సు తర్వాత చూసుకోవచ్చు. ఇటలీలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియంలు, పురావస్తు స్థలాలు అందరికీ ఉచితం. కొలోసియం, పక్కనే ఉన్న రోమన్ ఫోరం, పాలటైన్ కొండ అన్నీ ఇందులోకే వస్తాయి. మేం ఫిబ్రవరి 4 ఆదివారం పెట్టుకున్నాం. ఉచితం కదా అని పది గంటలకి తీరిగ్గా వెళ్తే ఎండలో లైనే మిగులుతుంది. మేం ఏడున్నరకే వెళ్లి నిలబడ్డాం. వాటికన్ వేరే దేశం కాబట్టి వాళ్ల మ్యూజియంలకి ఉచిత రోజు వేరు, నెలలో చివరి ఆదివారం. రెండూ ఒకే ట్రిప్పులో కుదరవు. మేం మ్యూజియం మానేసి సెయింట్ పీటర్స్ చర్చి చూశాం. లోపలికి ఉచితమే, కాకపోతే భుజాలు, మోకాళ్లు కప్పుకుని వెళ్లాలి. పొద్దున్నే వెళ్తే సెక్యూరిటీ దగ్గర జనం తక్కువ.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకి 2 యూరోల టికెట్ అని ప్రభుత్వ మ్యూజియంల దగ్గర రాసి ఉంటుంది. అది యూరోపియన్ యూనియన్ పౌరులకి. మేం స్టూడెంట్ కార్డు చూపిస్తే చాలనుకుని, ఒక కౌంటర్ దాకా వెళ్లి మొహాలు వేలాడేసుకుని వెనక్కొచ్చాం. లెక్క వేసుకునేటప్పుడు పూర్తి రేటే వేసుకోండి.

శుక్రవారం రాత్రి బస్సెక్కితే తెల్లవారుజామున రోమ్ బస్టాండ్ తిబుర్తీనాలో దిగుతారు. ఒక రాత్రి గది అద్దె మిగిలినట్టే. దిగగానే నిద్ర మత్తులో కూర్చోకుండా నేరుగా త్రేవీ ఫౌంటెన్‌కి వెళ్లండి. మేం వెళ్లేసరికి ఇంకా చీకటే, ఊడ్చేవాళ్లిద్దరు తప్ప ఎవరూ లేరు, నీళ్ల చప్పుడు పక్క వీధిలోంచే వినిపించింది. అదే చోటికి సాయంత్రం మళ్లీ వెళ్తే అడుగు పెట్టే చోటు దొరకలేదు. మా గది సాన్ లోరెంజోలో, యూనివర్సిటీ పక్కన స్టూడెంట్లు ఉండే పేట. గది అద్దె కాకుండా మనిషికి రాత్రికి ఇంత అని సిటీ టాక్స్ విడిగా కట్టాలి, అదీ లెక్కలో వేసుకోండి.

ఇక అసలు సంగతి చర్చిలు. పియాత్సా నవోనా దగ్గర సాన్ లుయీజీ దేయీ ఫ్రాంచేసీ అనే చర్చి ఉంది. ఎడమ వైపు చివరి గదిలో కరవాజో అనే ఇటలీ చిత్రకారుడు వేసిన మూడు పెద్ద బొమ్మలున్నాయి. మేం వెళ్లేసరికి ఆ మూల అంతా చీకటి. ఒక పెద్దాయన వచ్చి గోడకున్న డబ్బాలో నాణెం వేశాడు. లైటు వెలిగింది. ఒక బొమ్మలో సుంకం వసూలు చేసేవాళ్లు బల్ల చుట్టూ కూర్చుని డబ్బులు లెక్కపెడుతున్నారు, కుడి వైపు నుంచి ఏసు చెయ్యి చాపి ఒకణ్ణి పిలుస్తున్నాడు, ఆ చెయ్యి వెంటే గోడ మీద వెలుగు వాలుగా పడుతోంది. గడ్డమున్న మనిషి వేలు చూపిస్తూ ‘నన్నేనా?’ అన్నట్టున్నాడు. అంతలో లైటు ఆరిపోయింది. బొమ్మలంటే విసుక్కునే మా గుంటూరోడే జేబులన్నీ తడిమి ఇంకో నాణెం తీశాడు. అలా మాలో ఒక్కొక్కరం ఒక్కోసారి వేస్తూ అరగంట అక్కడే ఉండిపోయాం. 400 ఏళ్ల కిందటి బొమ్మ ముందు నాకు ఒళ్లు జలదరించింది. కాబట్టి చిల్లర దగ్గర పెట్టుకోండి. సాంతా మరియా దెల్ పోపోలో చర్చిలో కరవాజోవి ఇంకో రెండున్నాయి. కొలోసియం నుంచి పది నిమిషాలు నడిస్తే సాన్ పియెత్రో ఇన్ వింకోలీలో మైకెలాంజెలో చెక్కిన మోజెస్ విగ్రహం. ఇవన్నీ ఉచితం. మధ్యాహ్నం చాలా చర్చిలు రెండు మూడు గంటలు మూసేస్తారు, పొద్దున గానీ సాయంత్రం గానీ పెట్టుకోండి.

నీళ్ల సీసా కొనకండి. ఊళ్లో 2,500 దాకా వీధి కుళాయిలు రాత్రింబవళ్లు పారుతూనే ఉంటాయి. వాటిని నాసోని అంటారు, అంటే పెద్ద ముక్కులని. కింద రంధ్రాన్ని వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్లు ఎగజిమ్ముతాయి, వంగి తాగెయ్యడమే.

తిండికి పిజ్జా అల్ తాల్యో. కత్తెరతో కోసి తూకం వేసి ఇస్తారు, ఎంత కావాలో చేత్తో చూపిస్తే చాలు. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగండి, కూర్చుంటే రేటు పెరుగుతుంది. మేం మొదటి పూటకి చింతపండు పులిహోర కలుపుకుని వెళ్లాం. స్పానిష్ స్టెప్స్ అనే పేరున్న పెద్ద మెట్ల మీద కూర్చుంటేనే ఫైన్ వేస్తారు, అందుకని అవెంటీన్ కొండ మీది నారింజ తోటకి తీసుకెళ్లాం. చెట్లనిండా నారింజకాయలు, ఎదురుగా ఊరంతా, దూరంగా సెయింట్ పీటర్స్ గుమ్మటం. ఏ హోటల్లోనూ దొరకని చోటది.

ఎక్కువగా నడవండి. మేం వెళ్లినప్పుడు బస్సు, మెట్రో టికెట్ 1.50 యూరోలు, 100 నిమిషాలు పనిచేసేది, మెట్రో మాత్రం ఒకసారే. ట్రామ్ ఎక్కగానే మిషన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. మా వరంగల్ వాళ్లిద్దరిలో ఒకడు టికెట్ జేబులోనే ఉంచుకున్నాడు, చెకింగ్‌లో దొరికాడు. ఫైన్ 50 యూరోలు దాటింది. ఆ డబ్బు నలుగురం సమానంగా వేసుకున్నాం.

ఇది చెప్పడానికి కారణముంది. వాడి చేతిలో అప్పటికే డబ్బు తక్కువ. గ్రూపులో అందరికన్నా తక్కువున్నవాడు ఎప్పుడూ నోరు తెరిచి చెప్పడు, ‘నాకు ఆకలి లేదురా, మీరు తినండి’ అంటాడు. మొదటి రోజు రాత్రి వాడు అదే అన్నాడు, నాకు అర్థం కావడానికి పూట పట్టింది. బయల్దేరే ముందే ఒక్కొక్కరినీ విడిగా అడగండి, రోజుకి ఎంత పెట్టగలవని. అందరికన్నా తక్కువ చెప్పినవాడి లెక్కే అందరి లెక్క చేసుకోండి, ఎవరిదో మాత్రం బయటపెట్టకండి. ఆ డబ్బు ఒకే పర్సులో వేసి, ఒక్కరే ఖర్చు పెట్టండి. మేం రెండో రోజు పొద్దున అలా చేశాక, కాఫీ దగ్గర ఎవరూ జేబు తడుముకోలేదు.