తుపాను భయానికి కవలల కడుపు నిలవదా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది కావలి దగ్గర సముద్రపు ఒడ్డునున్న పల్లె. నాకు ఇరవై రెండో వారం. స్కానింగులో కవలలని చెప్పారు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను తరువాత ఏడాది దాకా మా ఊళ్ళో ఒక్క కవలల కాన్పు కూడా లేదని, భయానికి అలాంటి కడుపు నిలవదని మా అత్తమ్మ అంటున్నారు. వాయుగుండం హెచ్చరిక విన్నప్పుడల్లా నాకు గుండెదడ వస్తోంది. ఆమె మాటలో నిజముందా?
– ఒక సోదరి, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్మా, మీ అత్తగారి మాటను పూర్తిగా తోసిపుచ్చలేను గాని, ఆమె చూపిన సాక్ష్యం చాలదు. సుమారుగా వంద కాన్పులకు ఒకటి కవలల కాన్పు అవుతుంది కనుక, ఏడాదికి ముప్పై నలభై కాన్పులు జరిగే పల్లెలో తుపాను వచ్చినా రాకపోయినా రెండేళ్ళపాటు కవలలు పుట్టకపోవడం మామూలే.

వేల కాన్పుల లెక్కలు తీసినప్పుడు మాత్రం సంగతి వేరు. 1995 జనవరిలో జపానులోని కోబె భూకంపం తరువాత తొమ్మిది నెలలకు అక్కడ పుట్టినవారిలో మగపిల్లల వాటా తగ్గింది. 2011 జులైలో నార్వేలో ఒక దుండగుడు 77 మందిని చంపినప్పుడు కడుపులో ఉన్న శిశువుల్లో, కవలలుగా పుట్టినవారు అంచనాకన్నా తక్కువగా ఉన్నారని అమెరికా పరిశోధకుడు రాల్ఫ్ కాటలానో బృందం చూపింది. ఆ తల్లుల్లో అత్యధికులు ఆ ఘోరాన్ని కళ్ళారా చూసినవారు కారు. దేశమంతా కమ్మిన దిగులే వారినీ తాకింది. కష్టకాలంలో, నెలలు నిండి బతికే అవకాశం తక్కువగా ఉన్న గర్భాన్ని తల్లి శరీరం ముందే వదులుకుంటుందన్నది ఈ పరిశోధకుల ఊహ. కవలలు చిన్నగా, ముందుగా పుడతారు. అందులోనూ మగపిండం మరింత సున్నితం. మగపిల్లవాడిది గట్టి ప్రాణమని మనవాళ్ళు అంటారు గాని, కడుపులో ఉన్నంతకాలం ఆడపిల్లదే గట్టి ప్రాణం.

అయితే ఇది దేశం లెక్కల్లో కనిపించే తేడాయే తప్ప, ఒక తల్లి కడుపు నిలుస్తుందో లేదో చెప్పగలిగేది కాదు. బిడ్డ పోయిన తల్లిని ‘నువ్వు భయపడ్డావు గనుకే’ అనడానికి ఇందులో ఏ ఆధారమూ లేదు.

మీ విషయంలో నాకున్న అసలు ఆందోళన వేరు. కవలల్లో సగానికి పైగా 37 వారాలకు ముందే పుడతారు. తల్లికి రక్తపోటు, రక్తహీనత ఎక్కువగా వస్తాయి. తుపాను రోజుల్లో భయం కన్నా దారులు తెగిపోవడం, పరీక్ష తప్పిపోవడం, ఐరన్ మాత్రలు అయిపోవడం, కలుషిత నీరు మీకు పెద్ద ప్రమాదాలు. ఇద్దరికీ ఒకే మాయ ఉందో, వేరువేరుగా ఉందో స్కానింగు రిపోర్టులో అడిగి తెలుసుకోండి. ఒకే మాయ అయితే రెండు వారాలకొకసారి స్కానింగు అవసరం. ఏడో నెల దాటాక హెచ్చరిక వస్తే, వాన మొదలయ్యేదాకా ఆగకుండా ఆసుపత్రి దగ్గరున్న బంధువుల ఇంటికి చేరుకోండి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, తలనొప్పితో చూపు మసకబారినా, పిల్లల కదలికలు తగ్గినా వెంటనే 108కి ఫోను చేయండి. నెలలు నిండకముందే నొప్పులు వస్తే, పిల్లల ఊపిరితిత్తులు త్వరగా ఎదిగేందుకు ఇచ్చే ఇంజక్షను సమయానికి అందాలి. గుండెదడ కూర్చున్నప్పుడు కూడా తగ్గకపోతే దాన్ని దిగులు ఖాతాలో వేయకుండా హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి.