భాగపరిష్కార పత్రంలో వాటా లేనివారు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: కోనసీమలో గౌతమి పక్కన ఉన్న మా పాత మండువా ఇల్లు విప్పిస్తున్నప్పుడు భోషాణం అడుగున ఒక రిజిస్టరు దస్తావేజు దొరికింది. మా తాతగారి తాతగారు పోయిన తర్వాత ఆయన కొడుకులు ఆస్తి పంచుకొని రాసుకున్న భాగపరిష్కార పత్రం అది. తేదీ నందన నామ సంవత్సర మాఘ శుద్ధ పంచమి, ఫసలీ 1302 అని ఉంది. పెద్ద కొడుకు వయస్సు 34 అని రాశారు. ముగ్గురు అన్నదమ్ములు మూడు భాగాలు, చనిపోయిన మరో సోదరుని మైనరు కొడుకు నాలుగో భాగం తీసుకున్నారు. తల్లికి మనోవర్తి కింద ఎకరం ఎనభై సెంట్లు, చెల్లెలికి పూర్వం పసుపుకుంకుమ కింద ఇచ్చిన డెబ్బై సెంట్లు విడిగా చూపారు. ఇవి కాక, మా ఇంటిపేరు కాని ఒక వ్యక్తికి 'మా అక్కగారినిచ్చి యింట వుంచుకొన్న' అనే మాటతో రెండెకరాలు ఇచ్చారు. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ వినలేదు. దీని ఆధారంగా వంశవృక్షం రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: ముందు తేదీ తేల్చుకుందాం. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకొకసారి తిరిగి వస్తాయి గనుక నందన అన్నంత మాత్రాన అది 1832 కావచ్చు, 1892 కావచ్చు, 1952 కూడా కావచ్చు. ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం. దానికి 590 కలిపితే ఆ సందేహం తీరుతుంది. 1302 ఫసలీ 1892 జూలై 1న మొదలై 1893 జూన్ 30న ముగిసింది. మాఘమాసం అందులో రెండో సగంలో పడుతుంది గనుక మీ పత్రం 1893 జనవరిలో రాసినదే తప్ప 1892లో రాసినది కాదు. సంక్రాంతి వెళ్ళి, సార్వా ధాన్యం పురులకెక్కి, ఎడ్లకూ మనుషులకూ కాస్త తెరిపి దొరికే ఆ రోజులే పల్లెల్లో పంపకాలకు అదను. అందుకే అప్పటి పత్రాలలో పొలంతో పాటు ఇంట్లో నిలవ ఉన్న ధాన్యాన్ని కూడా పంచి చూపడం కనిపిస్తుంది. మీ షెడ్యూళ్ళలో అది ఉందేమో చూడండి.

ఇక అసలు విషయం. వంశవృక్షం రాసేవారు సాధారణంగా నాలుగు భాగాలకు నాలుగు కొమ్మలు గీసి పని అయిందనుకుంటారు. నా సలహా అందుకు విరుద్ధంగా ఉంటుంది: వాటా తీసుకున్న నలుగురినీ కాసేపు పక్కన పెట్టండి. వాళ్ళకు రావలసినదేమిటో మితాక్షర ధర్మశాస్త్రం ముందే నిర్ణయించింది. ఉమ్మడి ఆస్తిలో కొడుకుకు పుట్టుకతోనే హక్కు ఉండేది. కొడుకు పోతే అతని భాగానికి మనవడు నిలబడేవాడు. ఆ నాలుగు సమభాగాలు చట్టం చెప్పిన మాటను తిరిగి చెబుతున్నాయి, అంతే. మీ కుటుంబం తనకు తానుగా ఆలోచించి, వాదించుకొని, ఒప్పుకొని రాసుకున్నది మిగిలిన మూడు పద్దులలో ఉంది: తల్లి, చెల్లెలు, ఆ ఇంటిపేరు కాని మనిషి.

తల్లి సంగతి చూద్దాం. కొడుకులు పంచుకునేటప్పుడు తల్లికి కూడా సమభాగం ఇవ్వాలని మితాక్షరలో ఉన్నా, దక్షిణాదిలో ఆ ఆచారం ఏనాడో వాడుక తప్పింది. ఆమెకు మిగిలినది పోషణ హక్కు, అంటే మనోవర్తి మాత్రమే. అది ఏటా ఇంత ధాన్యమనో, ఇంత రొక్కమనో రాయడం ఒక పద్ధతి. జీవితాంతం అనుభవించేటట్టు కొంత భూమిని చూపించడం మరొక పద్ధతి. మీ వాళ్ళు రెండో పద్ధతి ఎంచుకున్నారు. కొడుకు గుమ్మం ముందు నిలబడి గింజలు కొలిపించుకోవలసిన అవసరం ఆమెకు లేకుండా చేశారన్నమాట. ఇంకా మూడు విషయాలు పత్రంలోనే వెతకండి: ఆ భూమి కాలువ కింద మాగాణా లేక మెరకా, దాన్ని ఎవరు సాగుచేసి పెట్టాలని రాశారు, ఆమె ఎవరి ఇంట్లో కాపురం ఉంటుందని రాశారు. 'తదనంతరం నలుగురం సమంగా' అనే మాట ఉందేమో కూడా చూడండి. ఆ ఎకరం ఎనభై సెంట్లు తర్వాత మళ్ళీ పంచుకున్న దస్తావేజు దొరికితే ఆమె ఏ ఏటివరకు జీవించిందో దాదాపుగా తెలుస్తుంది. 19వ శతాబ్దపు రైతు స్త్రీ మరణ సంవత్సరం తెలుసుకోవడానికి ఇంతకంటె దగ్గరి దారి చాలా కుటుంబాలకు ఉండదు.

మైనరు తరఫున గార్డియనుగా అతని తల్లి నిశానీ పెట్టి ఉండాలి. ఆమె భర్త కొడుకును కని పోయాడు గనుక అతని భాగం నిలిచింది. సంతానం లేకుండా పోయిన సోదరుడెవరైనా ఉంటే అతని భాగం మిగిలినవారిలో కలిసిపోయేది. భార్య ఉంటే ఆమెకు మనోవర్తి దక్కేది, అతని పేరు మాత్రం పత్రంలోకి రాకపోవచ్చు. కాబట్టి మీ ముత్తాత తరంలో అన్నదమ్ములు నలుగురే అని ఈ ఒక్క కాగితం చూసి తీర్మానించకండి.

చెల్లెలి డెబ్బై సెంట్లు 'పూర్వం ఇచ్చినవి' అన్నారు. అంటే తండ్రి బతికి ఉండగా పెళ్ళిలో ఇచ్చినవి. పంపకంలో వాటిని కలపబోమని అన్నదమ్ములు ఒప్పుకుంటున్నారు. స్త్రీధనం ముందుగా కూతుళ్ళకు పోతుంది గనుక ఇలాంటి చెక్క తల్లినుంచి కూతురికి, ఆమెనుంచి మనవరాలికి, తరానికో ఇంటిపేరు మారుతూ ప్రయాణం చేసి ఉండవచ్చు. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో మీ ఇంటిపేరుతో వెతికితే ఆ దారి దొరకదు. స్థిరాస్తి దస్తావేజులు నమోదయ్యే ఒకటో పుస్తకానికి రెండు ఇండెక్సులు ఉంటాయి. మొదటిది మనుషుల పేర్లతో, రెండోది గ్రామం, భూమి వివరాలతో ఉంటుంది. ఆడపడుచుల జాడ పట్టించేది ఆ రెండోదే. ఒకటో పుస్తకాన్నీ దాని ఇండెక్సులనూ రుసుము చెల్లించి ఎవరైనా చూడవచ్చునని రిజిస్ట్రేషన్ చట్టమే చెబుతుంది. అయితే ఇప్పటి కంప్యూటరు ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) అంత వెనక్కి పోదు. చేతిరాత ఇండెక్సులనే ఓపికగా తిరగవేయించాలి.

ఇప్పుడు ఆ రెండెకరాల మనిషి. 'అక్కగారినిచ్చి యింట వుంచుకొన్న' అంటే ఇల్లరికపుటల్లుడు. ఇందులో నాకు అనుమానం లేదు. అతన్ని దత్తుడని పొరపడకండి. దత్తత వెళ్ళినవాడు గోత్రంతో సహా మారిపోయి, కన్న ఇంటి ఆస్తిపై హక్కు వదులుకుంటాడు. ఇల్లరికం వచ్చినవాడు తన ఇంటిపేరు తానే ఉంచుకుంటాడు, కన్నవారి ఆస్తిలో వాటా కూడా పోగొట్టుకోడు. కొన్ని వ్యవసాయ కులాలలో ఇతనికి కొడుకుతో సమానమైన భాగం ఇచ్చే ఆచారాన్ని మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) కోర్టులు 19వ శతాబ్దంలోనే అంగీకరించాయి.

ఎవరైనా అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకునేది కొడుకులు లేనప్పుడు, లేదా కొడుకులు మరీ పసివాళ్ళయినప్పుడు. పెద్ద కొడుకు వయస్సు 1893లో 34 గనుక అతను 1858–59 ప్రాంతంలో పుట్టాడు. అతనికి ఈమె అక్క. ఈ రెండూ కలిపి చూస్తే, మీ తాతగారి తాతగారు మొదట ఆడపిల్లను కని, చాలాకాలం మగసంతు లేక, 1850లలోనో ఆ తర్వాత కొద్ది ఏళ్ళకో అల్లుణ్ణి ఇంట్లో పెట్టుకున్నారని ఊహించవచ్చు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంతవరకు వానమీదా వరదమీదా ఆధారపడిన నేల కాలువ నీళ్ళతో మాగాణి అవుతున్న రోజులవి. భూమి ఉండి, దమ్ముకూ ఊడ్పుకూ ఇంటిమనిషి లేని రైతుకు అల్లుడు అవసరమైన కాలం. తర్వాత వరుసగా కొడుకులు పుట్టారు. ఇంట్లో అల్లుడి స్థానం అప్పుడు ఎలా మారి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

అతనికి దక్కిన రెండెకరాలను ఒక్కొక్క సోదరుని భాగంతో పోల్చి చూడండి. ఇంచుమించు సమానమైతే ఆచారం పాటించారనుకోవాలి. బాగా తక్కువైతే, ముందే ఏదో ఒప్పందమో తగవో జరిగి ఉండాలి. 1893కు ముందు పదిహేనేళ్ళ ఇండెక్సులలో అతని పేరిట విడుదల దస్తావేజు (హక్కు వదులుకుంటూ రాసే పత్రం), లేదా మీ వాళ్ళు రాసిచ్చిన దానపత్రం ఉందేమో వెతికించండి. మీ ఇంట్లో అతని పేరు వినిపించకపోవడానికి కారణం కూడా అక్కడే దొరకవచ్చు. అతని ఇంటిపేరు గలవారు మీ ఊరిలోనో పక్క ఊరిలోనో ఇప్పటికీ ఉంటే, వాళ్ళు మీకు బంధువులు. వాళ్ళకూ ఆ సంగతి తెలియకపోవచ్చు.

చతుస్సరిహద్దులను వదిలిపెట్టకండి. 'తూర్పు ఫలానావారి భూమి' అన్నచోట మీ ఇంటిపేరే కనిపిస్తే ఆ వ్యక్తి దాయాది. ఒకే గట్టుకు అటూ ఇటూ ఒకే ఇంటిపేరు ఉండి, రెండు చెక్కలూ పొడుగ్గా సమానంగా సాగితే, అంతకు ముందు తరంలో జరిగిన పంపకం ఆ గట్టు రూపంలో నిలిచి ఉందన్నమాట. ఈ పద్ధతిలో కాగితం లేని ఒక తరాన్ని కూడా వెనక్కి అందుకోవచ్చు. పత్రంలోని సర్వే నంబర్లు ఇప్పటివాటితో కలవకపోతే కంగారు పడవద్దు. తర్వాత వచ్చిన రీసెటిల్‌మెంటు రిజిస్టరులో పాత నంబరుకు కొత్త నంబరు జోడించి ఉంటుంది. సరిహద్దు 'గౌతమీ నది' అయితే మాత్రం ఆ చెక్క కొంత ఏటిలో కలిసి ఉండవచ్చు, లేదా లంక మేటవేసి పెరిగి ఉండవచ్చు.

బాకీల పట్టిక గురించి ఒక్క మాట. ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరినుంచి రావాలి అన్న వరుసలో షావుకారు పేర్లతో పాటు వియ్యాలవారి పేర్లు కూడా దొర్లుతాయి. పెళ్ళిళ్ళు ఏ ఊళ్ళతో జరిగాయో తెలుసుకోవడానికి అది పనికివస్తుంది. అన్నదమ్ములలో ఎవరైనా 'రంగంలో వున్న' అని రాసి ఉంటే, కాకినాడ రేవులో ఓడ ఎక్కి రంగూను వెళ్ళిన మనిషి అని గ్రహించండి.

ప్రశ్న: మా పూర్వీకుల పేరిట దస్తావేజు ఒక్కటి కూడా లేదు. అన్నదమ్ములు నోటిమాటతో పంచుకున్నారని చెబుతారు. భూమి మొదట ఇనాం అట. కరణంగారి లెక్కలు ఎక్కడున్నాయో తెలియదు. మేమేం చేయాలి?
– ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: నోటిమాటగా పంచుకోవడం అప్పుడు చెల్లేది. 100 రూపాయలు, ఆపైన విలువ గల స్థిరాస్తిపై రాసిన పత్రానికే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రాయనిదానికి రిజిస్ట్రేషన్ అక్కరలేదు. కాబట్టి దస్తావేజు లేకపోవడం మీ కుటుంబపు లోటు కాదు.

ఇనాం, అంటే శిస్తు మినహాయించో తగ్గించో ఇచ్చిన భూమి, అన్నమాట నిజమైతే మీరు అదృష్టవంతులు. మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్‌ను నియమించి, ఆ తర్వాతి ఏళ్ళలో ఊరూరా ఇనాములను విచారించింది. ఆ విచారణ ఫలితమే ఇనాం ఫెయిర్ రిజిస్టరు. ఇనాం మొదట ఎవరికి, దేనికోసం ఇచ్చారు, ప్రస్తుతం అనుభవిస్తున్నవారెవరు, వారి వయస్సెంత, మొదటి గ్రహీతకు వారు ఏమవుతారు అన్న వివరాలు అందులో ఉంటాయి. ఒక్క పద్దులో మూడు నాలుగు తరాలు దొరకడం అరుదేమీ కాదు. ఆ కమిషన్ ఇచ్చిన టైటిల్ డీడ్ (హక్కు పత్రం) నంబరు మీ ఇంట్లో ఏ పాత శిస్తు రసీదు మీదనైనా కనిపిస్తే వెతకడం సులువవుతుంది.

కరణాలు, మునసబుల పదవులు 1984లో రద్దయినప్పుడు గ్రామ లెక్కలు రెవెన్యూ కార్యాలయాలకు అప్పగించవలసి వచ్చింది. కొన్ని చేరాయి, కొన్ని అటకల మీదే ఉండిపోయాయి. తహసీల్దారు కార్యాలయంలో అడిగిన తర్వాత పాత కరణాల కుటుంబాలను కూడా మర్యాదగా అడిగి చూడండి. నరసాపురం తాలూకా 1904 వరకు గోదావరి జిల్లాలో, ఆ తర్వాత కృష్ణా జిల్లాలో, 1925 నుంచి పశ్చిమ గోదావరిలో ఉంది. ఏ సంవత్సరపు కాగితం కావాలో చూసుకొని ఆ జిల్లా పేరుతోనే అడగాలి. ఇది తెలియక భీమవరంలో ఒకసారి, మచిలీపట్నంలో ఒకసారి తిరిగి విసిగిపోయి వదిలేసినవారు చాలామంది ఉన్నారు.

ప్రశ్న: 1880ల నాటి మా పూర్వీకుడొకరి వీలునామా దొరికింది. రిజిస్టరు కాలేదు, సాక్షి ఒక్కడే. అది చెల్లుతుందా? దాన్ని చూపి భూమి అడగవచ్చా?
– ఒక పాఠకుడు, మండపేట

జవాబు: వీలునామాకు రిజిస్ట్రేషన్ అప్పుడూ ఐచ్ఛికమే. మద్రాసు నగరం వెలుపల హిందువులు నోటితో చెప్పిన వీలునామా కూడా ఆ రోజుల్లో చెల్లేది. రాత, ఇద్దరు సాక్షులు తప్పనిసరి అయినది 1927 జనవరి 1 నుంచి చేసిన వీలునామాలకు. కనుక సాక్షి ఒక్కడే అయినంత మాత్రాన అది దొంగ కాగితం కాదు.

మీరు ఆలోచించవలసినది మరొకటి ఉంది. ఉమ్మడి ఆస్తిని వీలునామా ద్వారా ఇవ్వడానికి ఆ రైతుకు అధికారం లేదు. ఆయన రాశాడంటే ఆ ఆస్తి స్వార్జితమైనా అయి ఉండాలి, కొడుకులూ దాయాదులూ లేక ఆయన ఒంటరిగానైనా మిగిలి ఉండాలి. ఈ రెండింటిలో ఏది నిజమో తేలితే మీ కుటుంబ చరిత్రలో పెద్ద ముడి వీడుతుంది.

భూమి అడగడం మాత్రం మానుకోండి. ఇతరులు తమదిగా బాహాటంగా పన్నెండేళ్ళకు పైగా అనుభవిస్తున్న ఆస్తిపై దావాకు కాలదోషం పడుతుంది. ఇక్కడ నూరేళ్ళు దాటాయి. అంతగా పట్టుదల ఉంటే వకీలును సంప్రదించండి, ఈ శీర్షికను కాదు. అదే వ్యక్తి తర్వాత మరొక వీలునామా రాసి రిజిస్టరు చేయించి ఉండవచ్చు. అలాంటివి మూడో పుస్తకంలో ఉంటాయి. రాసిన మనిషి బతికి ఉన్నంతకాలం వాటి నకలు ఆయనకో ఆయన ఏజెంటుకో తప్ప ఇతరులకు ఇవ్వరు. పోయిన తర్వాత దరఖాస్తు చేసిన ఎవరికైనా ఇస్తారు. దరఖాస్తుతో పాటు ఆయన తండ్రి పేరు, అప్పటి గ్రామం, తాలూకా రాసి ఇవ్వండి.