ఆ రెండు పుస్తకాలు ఎందుకు దొరకలేదు?

ప్రశ్న: ఎం.ఏ. చరిత్ర రెండో సంవత్సరం చదువుతున్నాను. కాకతీయుల కాలంలో మోటుపల్లి రేవు వ్యాపారం మీద ప్రాజెక్టు రాస్తున్నాను. చాట్‌జీపీటీ చెప్పిన అయిదు గ్రంథాలను పాదసూచికల్లో చేర్చాను. రెండు ఎంత వెతికినా దొరకలేదు. వారంలో రిపోర్టు ఇవ్వాలి. ఏఐ వాడడమే తప్పా? వాడానని గైడ్‌కు చెప్పాలా?
– ఒక విద్యార్థిని, బాపట్ల

జవాబు: అమ్మా, ఆ రెండు పుస్తకాలు అసలు లేనివే కావచ్చు. ఏ మాట పక్కన ఏ మాట ఇముడుతుందో లెక్కగట్టి వాక్యం అల్లే యంత్రమిది. అందుకే లేని పుస్తకానికి కూడా రచయిత, ప్రచురణకర్త, సంవత్సరం చక్కగా అమరుతాయి. ఉన్న పుస్తకానికి లేని మాటలు అంటగట్టడమూ కద్దు. కిందటి ఏడాది నేను దిద్దిన ఒక రిపోర్టులో పాదసూచిక 340వ పేజీ అంది. బీరువాలోంచి ఆ పుస్తకం తీసి చివరి పేజీ చూశాను: 212. ఆ అబ్బాయి బాగా కష్టపడ్డవాడే. అయినా ఆ ఒక్క అంకె చూశాక మిగతా అరవై పేజీలూ అనుమానంతోనే చదివాను. నాకు చాలా బాధ కలిగింది.

మీ అంశానికి అసలైన ఆధారం అందుబాటులోనే ఉంది. 1244 నాటి కాకతీయ రాజు గణపతిదేవుడి మోటుపల్లి శాసనం, శాసనాల పాఠాలు ప్రచురించిన ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటంలో అచ్చయింది. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారనీ, తాను సుంకం తప్ప మరేమీ తీసుకోననీ రాజు అందులో అభయమిచ్చాడు. ముందు దాన్ని మీరే చదవండి. ఇంగ్లీషు అనువాదంలో ఏ వాక్యమైనా కొరుకుడు పడకపోతే ఏఐని వివరించమనండి. మీ వాదన రాశాక లోపాలు చూపమనండి. ఇందులో తప్పు లేదు, నా విద్యార్థులకూ ఇదే చెబుతాను. శాసనం ఏమి చెబుతోందో తేల్చే పని మాత్రం దానికి అప్పగించకండి.

గైడ్ అడగకముందే చెప్పండి. ఎక్కడ, ఎందుకు వాడారో ముందుమాటలో రెండు వాక్యాలు రాయండి. మీ విభాగం నిబంధనలేమిటో కూడా అప్పుడే అడగండి. ఏఐ రాతను పట్టే సాఫ్ట్‌వేర్ సొంత రాతనూ తప్పుపట్టవచ్చు. ఓపెన్‌ఏఐ సంస్థే అలాంటి తన పరికరాన్ని, ఫలితాలు నమ్మదగినట్టు లేవని 2023 జులైలో ఉపసంహరించుకుంది. కాబట్టి మీ నోట్సు, చిత్తుప్రతులు తేదీలు వేసి దాచుకోండి.

దొరికిన మూడు పుస్తకాల్లోనూ పేజీ తెరిచి, మీరు రాసిన మాట అక్కడ ఉందో లేదో చూడండి. దొరకని రెండింటినీ, వాటిని నమ్మి రాసిన పేరాలతో సహా తీసేయండి.