ప్రశ్న ఒకటే, సాఫ్ట్‌వేర్లు మూడు

ప్రశ్న: అనంతపురంలోని మా డిగ్రీ కళాశాలలో ఆన్‌లైన్ పరీక్షల కోసం గణితం, ఆర్థిక శాస్త్రాలలో సుమారు 3,000 ప్రశ్నలు తయారు చేసుకున్నాము. కర్నూలు, కడపలలోని మిత్రుల కళాశాలలతో పంచుకుందామంటే, ఒక్కొక్కరి దగ్గర ఒక్కో సాఫ్ట్‌వేర్ ఉండడం వల్ల ప్రతి ప్రశ్ననూ మళ్లీ టైపు చేయవలసి వస్తోంది. ప్రశ్నను చూపించి, జవాబు దిద్ది, మార్కు పంపే వెబ్ సర్వీసు మేమే రాసుకుంటే ఈ ఇబ్బంది తీరుతుందా?
— ఒక కంప్యూటర్ అధ్యాపకురాలు, అనంతపురం

జవాబు: తీరుతుంది, కానీ సర్వీసుతోనే మొదలుపెడితే తీరదు. ప్రశ్నను ఏ రూపంలో భద్రపరచాలో మూడు కళాశాలలూ ముందు ఒక మాట మీదికి రావాలి. లేకపోతే మీ సర్వీసు ఆ మూడింటి పక్కన నాలుగో సాఫ్ట్‌వేర్ అయి కూర్చుంటుంది. రూపాన్ని కొత్తగా కనిపెట్టే పని కూడా పెట్టుకోకండి. ఐఎంఎస్ గ్లోబల్ అనే సంస్థ, అంటే ఇప్పటి వన్ఎడ్‌టెక్, ఇందుకోసమే క్యూటీఐ (ప్రశ్నలనూ పరీక్షలనూ ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి మార్చుకోవడానికి వీలుగా రాసే పద్ధతి) అనే ప్రమాణాన్ని 2000 సంవత్సరంలో విడుదల చేసింది. దాని 2.1 వెర్షన్ 2012లోనూ, 3.0 వెర్షన్ 2022లోనూ తుది రూపం పొందాయి.

ఇందులో ఒక్కో ప్రశ్న ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలు, అంటే ఏ భాగం ఏమిటో పేర్లతో గుర్తులు పెట్టిన పాఠం ఫైలు. సరైన జవాబు ఏదో ఒక భాగంలో, విద్యార్థికి కనిపించే పాఠం మరో భాగంలో, జవాబు నుంచి మార్కు లెక్కకట్టే సూత్రం ఇంకో భాగంలో ఉంటాయి. ప్రమాణం రెండో వెర్షన్ కొత్తలో, బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వారు ప్రశ్నను తెరపై చూపడం, వచ్చిన జవాబును దిద్దడం అనే రెండు పనులకే పరిమితమైన సర్వీసును రూపొందించారు. లాగిన్, టైమ్‌టేబుల్, హాజరు వంటివన్నీ ఒకే చోట కుక్కాలనే ఆశ మనలో చాలామందికి ఉంటుంది కనుక, వారు చూపిన ఆ నిగ్రహం మీకూ అవసరం.

దిద్దే పని తప్పనిసరిగా సర్వర్‌లోనే జరగాలి. ఫైలును ఉన్నదున్నట్టు బ్రౌజరుకు పంపితే సరైన జవాబు కూడా దానితోపాటే వెళుతుంది, పేజీ సోర్సు తెరవడం తెలిసిన కుర్రవాడికి అది చాలు. ప్రతి విద్యార్థికీ వేర్వేరు అంకెలు వచ్చే గణిత ప్రశ్నలయితే, చూపినప్పుడు వచ్చిన అంకెలను ఆ ప్రయత్నం సంఖ్యతో కలిపి దాచుకుని, దిద్దేటప్పుడు వాటినే వాడాలి. అలా దాచకపోతే రమకు ఇచ్చిన లెక్కను రహీమ్ అంకెలతో దిద్దినట్టవుతుంది.

మీకు అసలు శ్రమ తెలుగు దగ్గరే ఎదురవుతుంది. పాత ప్రశ్నలు ‘అను’ అనే పాత తరహా డీటీపీ ఫాంట్లలో టైపు చేసి ఉంటే, తెరపై తెలుగులా కనిపించినా కంప్యూటర్‌కు అవి తెలుగు అక్షరాలు కావు, ముందు వాటిని యూనికోడ్‌లోకి, అంటే ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఒక కోడు ఉండే పద్ధతిలోకి మార్చండి. యూనికోడ్‌లో కూడా ఒక చిక్కు ఉంది. ఐత్వపు గుర్తును ఒకే కోడుగానూ రాయవచ్చు, ఎత్వానికి కింది గుర్తు చేర్చిన జంటగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే అయినా, నేరుగా పోల్చే ప్రోగ్రాముకు వేర్వేరు కనుక, ‘పైథాగరస్’ అని సరిగ్గా రాసిన విద్యార్థికి సున్నా రావచ్చు. పోల్చే ముందు రెండు జవాబులనూ ఎన్ఎఫ్‌సీ రూపంలోకి (ఇలాంటి జంటలను ఒకే కోడుగా కలిపే యూనికోడ్ రూపం) తెచ్చి, అక్షరాలను కలపడానికో విడదీయడానికో వాడే కనిపించని గుర్తులను తొలగించండి.

ఎన్ని రూపాలను ఒప్పుకోవాలన్నది మాత్రం కోడుతో తేలదు. అనంతపురం జిల్లాలో ప్రధానమైన మెట్ట పంట ఏదని అడిగితే ఒకరు ‘వేరుశనగ’ అనీ, ఒకరు ‘వేరుసెనగ’ అనీ, ఇంటి మాట మరువని ఇంకొకరు ‘శనక్కాయ’ అనీ రాస్తారు. ఒక్కో జవాబుకు ఇన్ని మార్కులని పట్టిక రాసే వీలు క్యూటీఐలో ఉంది. ఆ పట్టికను మీరు కాక ఆర్థిక శాస్త్ర అధ్యాపకులే నింపాలి. నన్నడిగితే మూడింటికీ పూర్తి మార్కులే ఇస్తాను.

లాగిన్‌కూ, మార్కును కళాశాల సాఫ్ట్‌వేర్‌కు తిప్పి పంపడానికీ వన్ఎడ్‌టెక్ సంస్థే రూపొందించిన ఎల్‌టీఐ 1.3 ఉంది. బయటి సర్వీసును కళాశాల సాఫ్ట్‌వేర్‌తో కలిపే ప్రమాణం అది.

మొదట 50 ప్రశ్నలే తీసుకోండి. వాటిని అనంతపురం నుంచి కర్నూలుకు, అక్కడి నుంచి కడపకు, తిరిగి మీ దగ్గరికి పంపించి, వెళ్లిన ఫైలునూ వచ్చిన ఫైలునూ పోల్చి చూడండి. ఏ కళాశాలలో మార్కుల సూత్రం జారిపోయిందో, ఎక్కడ ఒత్తులు చెదిరాయో అప్పుడు తెలుస్తుంది. మిగిలిన 2,950 ప్రశ్నలను ఆ తరువాతే కదిలించండి.