పాము భయానికి పక్కవాళ్ల మాత్రలా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు, టీచర్‌ని. మాది నంద్యాల. అడవి జంతువుల ఫొటోలంటే ప్రాణం. తమ్ముడు తీసిన పులుల ఫొటోలు, పక్షుల ఫొటోలు గంటలకొద్దీ చూస్తాను. కానీ చిన్నప్పటి నుంచీ ‘పురుగు’ అంటే వణుకు. మధ్యలో దాని ఫొటో వస్తే ఫోన్ విసిరేస్తాను. దడ, చెమటలు. వచ్చే నెల బైర్లూటి అడవికి రమ్మని తమ్ముడు పిలుస్తున్నాడు. మా స్కూల్లో ఒకావిడ తను దడకు వాడే ప్రొప్రనోలోల్ మాత్రలు ఇస్తే నాలుగుసార్లు వేసుకున్నాను, బాగానే పనిచేసింది. చలికాలంలో ఆయాసానికి ఇన్‌హేలర్ వాడతాను. ఇంత భయం ఉన్నప్పుడు ఈ ఫొటోలు చూడటం మానేయాలా?

జవాబు: అమ్మా, ముందు ఆ మాత్ర ఆపండి. ఫొటోల సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ఇన్‌హేలర్ మాట మీరు చివర్లో ఏదో గుర్తొచ్చినట్టు రాశారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రొప్రనోలోల్ ఇవ్వకూడదు. గుండె వేగాన్ని తగ్గించే ఆ మందే ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలను బిగుసుకుపోయేలా చేస్తుంది. ఆ సమయంలో ఇన్‌హేలర్ పీల్చినా సరిగా పనిచేయకపోవచ్చు. నాలుగుసార్లు ఏమీ కాలేదంటే ఐదోసారీ కాదని అర్థం కాదు. ఈ రకం మందు నీటికాసులకు కంట్లో వేసే చుక్కల్లో ఉన్నా కొందరికి ఆయాసం ఎక్కువవుతుంది. అలాంటిది మీరు ఏకంగా మాత్రే మింగారు. మీరు టీచరు, ఒక పిల్లాడి మందు ఇంకో పిల్లాడికి ఇస్తే ఊరుకుంటారా? అప్పుడప్పుడూ వేసుకున్నదే అయితే ఆపడం వల్ల ఇబ్బంది ఉండదు. రోజూ వేసుకుంటుంటే మాత్రం ఇవాళే దగ్గర్లోని ఫిజీషియన్‌ను కలవండి.

అడవికి వెళ్లేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. పాము కాటుకు మన దగ్గర ఇచ్చే యాంటీవీనమ్ కొందరికి పడదు. తీవ్రమైన రియాక్షన్ వస్తే మేం మొదట ఇచ్చేది అడ్రినలిన్ ఇంజెక్షన్. ఒంట్లో ప్రొప్రనోలోల్ ఉంటే ఆ ఇంజెక్షన్ పూర్తిగా పనిచేయకపోవచ్చు. భయం పోవడానికి వేసుకున్న మాత్రే ప్రాణం మీదికి వచ్చినప్పుడు అడ్డుపడుతుంది. ఆందోళన తగ్గించే అల్ప్రాజోలామ్ లాంటి మాత్రలు కూడా ఎవరో ఇచ్చారని వేసుకోకండి. అవి అలవాటైపోతాయి, భయం మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఇక మీ భయం. ఉత్తరం చదివి నిర్ధారించలేను గానీ, ఫోబియాలాగే ఉంది. దీనికి చికిత్స ఉంది, చాలామందికి బాగా పనిచేస్తుంది కూడా. భయపెట్టేదాన్ని కొంచెం కొంచెంగా, తప్పించుకోకుండా చూడటమే ఆ చికిత్స. మీరు ఫోన్ విసిరేసిన ప్రతిసారీ దడ తగ్గుతుంది, దాంతో ‘పారిపోయాను కాబట్టే బతికాను’ అని మెదడు నేర్చుకుంటుంది. విసిరేయకుండా అలాగే చూస్తూ ఉంటే కాసేపటికి దడ దానంతటదే దిగుతుంది. మెదడు నేర్చుకోవాల్సింది అదీ. అందుకే ఫొటోలు మానొద్దు, మీకు అవే మందు.

ఉత్తరమంతా ‘పురుగు’ అన్నారే గానీ, పాము అని ఒక్కచోటా రాయలేదు. పేరెత్తకూడదని మన ఇళ్లలో అలా అనడం మామూలే. మీకు మాత్రం బహుశా అదే మొదటి మెట్టు: ఆ మాటను మీ చేత్తో కాగితం మీద రాయడం. తర్వాత పెన్సిల్ బొమ్మ, ఆపైన తమ్ముడు దూరం నుంచి తీసిన ఫొటో, దగ్గరి ఫొటో, వీడియో. చివరికి హైదరాబాద్ జూలో అద్దం వెనకున్న నిజం పాము. ఒక మెట్టు దగ్గర భయం బాగా తగ్గాకే తర్వాతి మెట్టు ఎక్కాలి. క్లినికల్ సైకాలజిస్టు పర్యవేక్షణలో చేయడం మంచిది. కొందరికి రెండు మూడు గంటల ఒకే విడతతోనే మంచి మార్పు వస్తుంది. మీకూ అలాగే జరుగుతుందని మాటివ్వలేను.

దడ అంతా భయం వల్లనే అనీ అనుకోవద్దు. ఈ వయసులో రక్తహీనత, థైరాయిడ్ కూడా కారణం కావచ్చు. హిమోగ్లోబిన్, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, గుండెకు ఈసీజీ పరీక్షలు చేయించండి. ఆయాసానికి ఊపిరితిత్తుల సామర్థ్యం తెలిపే స్పైరోమెట్రీ కూడా అవసరం. చలికాలంలోనే కదా అని ఇన్నాళ్లూ వదిలేసినట్టున్నారు.

వచ్చే నెలకల్లా భయం పోవాలని పట్టుబట్టకండి. వెళ్తే మాత్రం బూట్లు వేసుకోండి, చీకటి పడ్డాక టార్చి లేకుండా అడుగు తీసి అడుగు వేయొద్దు, కెమెరా పెట్టడానికి పుట్టల పక్కన, రాళ్ల సందుల్లో చేయి పెట్టొద్దు. ఖర్మ చాలక కాటు పడితే కట్లు బిగించడాలు, కోయడాలు, పసరు మందులు వద్దు. కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. కట్లపాము కాటు నొప్పి కూడా పెద్దగా ఉండదు, నొప్పి లేదు కదా అని ఆగొద్దు.

మీకు ఆయాసం ఉందన్న సంగతి తమ్ముడికి ముందే చెప్పండి. ఇన్‌హేలర్‌ను కెమెరా బ్యాగు పై అరలో, అతని చేతికీ అందేలా పెట్టండి.