సోవియట్ అంతరిక్ష పోస్టర్లను ఎలా చదవాలి

చిరంజీవి సుజాతకు,

ఆశీస్సులు. సోవియట్ అంతరిక్ష పోస్టర్ల మీద వ్యాసం రాయబోతున్నావని తెలిసి సంతోషించాను. ఎరుపు అంటే విప్లవం, నక్షత్రం అంటే పార్టీ అంటూ ముందే పట్టిక వేసుకోవద్దు. ఆ పని ఎవరైనా చేస్తారు. మొదట పోస్టరు అడుగు అంచున సన్నటి అక్షరాలు చదువు. చిత్రకారుడి పేరు, ప్రచురణ సంస్థ, సంవత్సరం, ప్రతుల సంఖ్య తరచుగా అక్కడే ఉంటాయి. సంవత్సరం తెలియకుండా చెప్పే అర్థం గాలిలో దీపమే.

తరువాత రాకెట్టును చూడు. 1961 ఏప్రిల్ 12న అంతరిక్షానికి వెళ్ళిన తొలి మనిషి గగారిన్‌ను 108 నిమిషాల యాత్రకు పంపిన వోస్తోక్ రాకెట్టుకు కింది భాగాన చుట్టూ నాలుగు బూస్టర్లు, అంటే పైకి నెట్టే తోడు రాకెట్లు, ఉండేవి. చూడటానికి బొద్దుగా ఉంటుంది. ఆనాటి పోస్టర్లలో కనిపించేది చాలావరకు సూదిమొనతో, రెక్కల తోకతో నాజూకుగా ఉండే వేరే రాకెట్టు. ఇది చిత్రకారుల ఊహాశక్తి అని రాసి ఊరుకోకు. 1967లో పారిస్ విమాన ప్రదర్శనలో పెట్టేదాకా అసలు రాకెట్టు ఆకారం రహస్యమే; దాన్ని రూపొందించిన కొరొల్యోవ్ పేరు సైతం 1966 జనవరిలో ఆయన మరణించిన తరువాతే ప్రజలకు తెలిసింది. యంత్రాన్ని చూపే వీలు లేదు కనుక వేగాన్ని చూపారు: భూగోళం అంచు నుంచి వాలుగా పైకి లేచే ఎర్రటి చార, దాని ముందు నవ్వే కాస్మొనాట్ (సోవియట్ వ్యోమగామి) ముఖం. ఇంజనీరు ముఖం మాత్రం కనబడదు. నీ వ్యాసానికి అసలు సరుకు ఈ కనబడనివాటిలోనే ఉంది.

అంతరిక్షానికి వెళ్ళిన తొలి మహిళ తెరెష్కోవా పోస్టర్లనూ అలాగే చూడు. 1963 జూన్‌లో ఆమె యాత్రను సోవియట్ స్త్రీ సమానత్వానికి రుజువుగా చూపారు. రెండో సోవియట్ మహిళ సవీత్స్కాయా అంతరిక్షానికి వెళ్ళింది 1982లో. ఆ 19 ఏళ్ళ ఎడం ఏ పోస్టరూ చెప్పదు.

1975 నాటి ‘దేవుడు లేడు!’ పోస్టరును తప్పక చేర్చు. చుక్కల మధ్య కాస్మొనాట్ నవ్వుతూ తేలుతుంటాడు. కింద చర్చి గోపురాలు, మసీదు మీనారు ఒరిగి ఉంటాయి. మతవ్యతిరేక ప్రచారమని ఒక్క ముక్కలో తేల్చేయవచ్చు గాని, కాస్మొనాట్‌ను ఉంచిన చోటు గమనించు: దేవదూతను చిత్రించే చోటే అది. గుడిని కూల్చామనుకుంటూ విగ్రహాన్ని మాత్రమే మార్చారని నా అభిప్రాయం. నువ్వు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు, కారణం మాత్రం రాయి.

అమెరికా పోస్టర్లతో పోలిక ఇప్పుడే పెట్టుకోవద్దు. అది వేరే వ్యాసం. రంగుల గురించి రాసేముందు ఒకే పోస్టరు ప్రతులు రెండుమూడు పక్కపక్కన పెట్టి చూడు, పునర్ముద్రణల్లో ఎరుపు మారిపోతుంది. చిత్తుప్రతి పూర్తికాగానే పంపు.

ఇట్లు,
పెదనాన్న