శ్రీకాకుళంలో పెద్దవాళ్లతో మూడు రోజులు: తక్కువ ఖర్చులో ఎక్కడ దిగాలి?

మీ ప్రశ్న చదివాను. అమ్మగారికి అరసవల్లిలో మొక్కు ఉంది, అమ్మానాన్నలిద్దరికీ మోకాళ్ల నొప్పులు, శ్రీకూర్మం, శ్రీముఖలింగం కూడా చూడాలి, రూముకి రోజుకి 1,200 దాటకూడదు. హైదరాబాద్ నుంచి శనివారం పొద్దున్న బండి దిగుతారు, సోమవారం సాయంత్రం తిరుగు బండి. అరసవల్లి గుడి పక్కనే యాప్‌లో ఒక రూము చవగ్గా కనిపిస్తోంది, బుక్ చేసేయనా అని అడిగారు.

ఇప్పుడే చేయకండి. మాది శ్రీకాకుళమే. ఇల్లు చిన్నది, చుట్టాలు ఎక్కువ. మాఘమాసం వచ్చిందంటే హైదరాబాద్ నుంచీ రాయపూర్ నుంచీ వచ్చేవాళ్లకి లాడ్జి చూసిపెట్టే పని ఎప్పుడూ నాదే. అద్దె సంగతి తర్వాత చూద్దాం. ముందు మీరు ఏ పూట దిగుతారో, ఏ పూట ఖాళీ చేస్తారో తేల్చుకోండి. ఖర్చు పెరిగేదీ తగ్గేదీ అక్కడే.

మా చిన్నాన్న వాళ్లు వచ్చినప్పుడు ఏం జరిగిందో చెప్తాను. రూము వాళ్లే యాప్‌లో తీసుకున్నారు. తెల్లవారుజామున అయిదున్నరకి లాడ్జికి చేరారు. కౌంటర్లో కుర్రాడు నిద్రకళ్లతో ఆధార్ జిరాక్సులు తీసుకుని తాళం చేతిలో పెట్టాడు. ఇంకేమీ చెప్పలేదు. మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి ఖాళీ చేస్తామంటే రెండు రోజుల అద్దె కట్టమన్నారు. అక్కడ చెకవుట్ మధ్యాహ్నం 12 గంటలకట. అంటే దిగిన దగ్గర్నుంచి ఆ మధ్యాహ్నం దాకా ఒక రోజు, అక్కణ్ణుంచి ఇంకో రోజు. మా పిన్ని ఆ డబ్బు కన్నా ముందే చెప్పలేదన్నదానికే ఎక్కువ బాధపడింది.

మన వైపు లాడ్జిల్లో రెండు పద్ధతులూ ఉన్నాయి. 24 గంటల చెకవుట్ అంటే శనివారం తొమ్మిదింటికి దిగితే ఆదివారం తొమ్మిది దాకా ఒక రోజు. 12 గంటల చెకవుట్ అంటే మీరు ఎప్పుడు దిగినా మధ్యాహ్నం పన్నెండుకి రోజు మారిపోతుంది. మీరు శనివారం పొద్దున్న తొమ్మిదికి దిగి సోమవారం ఎనిమిదిన్నరకి ఖాళీ చేస్తారనుకుందాం. మొదటి పద్ధతిలో రెండు అద్దెలు, 2,400. రెండో పద్ధతిలో, పొద్దున్నే దిగినందుకు మినహాయింపు ఇవ్వకపోతే, మూడు అద్దెలు, 3,600. యాప్‌లో రెండు మూడు వందలు చవగ్గా కనబడిన రూము ఇలా ఖరీదైపోతుంది. అందుకే ఫోన్ చేయగానే మొట్టమొదట అడగాల్సిన మాట: "24 గంటల చెకవుటా, 12 గంటల చెకవుటా?" పన్నెండు అంటే, "మేం శనివారం పొద్దున్నే వస్తున్నాం, దానికి వేరే అద్దె వేస్తారా?" అని కూడా అడిగేయండి. చాలాచోట్ల ఒప్పుకుంటారు, కానీ ముందే అనిపించుకోవాలి. ఎవరు మాట్లాడారో పేరు రాసి పెట్టుకోండి.

ఇంకో సంగతి, కొత్తగా వచ్చేవాళ్లు తరచూ తికమకపడేది. రైలు శ్రీకాకుళం ఊళ్లోకి రాదు. మీ టికెట్ మీద ఉండే శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉంది. అక్కణ్ణుంచి ఊళ్లోకి సుమారు 13 కిలోమీటర్లు. బస్సులూ షేరాటోలూ దొరుకుతాయి గానీ సామానుతో, నొప్పుల కాళ్లతో షేరాటోలో ఇరుక్కోవడం పెద్దవాళ్లకి నరకం. ఆటో కట్టించుకోండి. ఎక్కకముందే ఎంతో మాట్లాడుకోండి, లాడ్జి గుమ్మం దాకా అని చెప్పండి, ఊరికే కాంప్లెక్స్ (ఆర్టీసీ బస్టాండు) దాకా అనకండి. బస్సులో వచ్చేవాళ్లకి కూడా ఒక మాట: ఒడిశా వైపు పోయే ప్రైవేటు బస్సులు కొన్ని ఊళ్లోకి రాకుండా హైవే మీదే దించేసి పోతాయి. చీకట్లో పెద్దవాళ్లతో అక్కడ దిగితే ఇబ్బంది. ఎక్కడ దించుతారో టికెట్ కొనేటప్పుడే అడగాలి.

ఇక గుడి పక్క రూము. అరసవల్లి ఊళ్లో కలిసిపోయినట్టే ఉంటుంది, కాంప్లెక్స్ నుంచి రెండు మూడు కిలోమీటర్లు, అంతే. ఆ కొద్ది దూరం కోసం గుడి పక్కనే దిగాల్సిన పని లేదు. ఆదివారం ఆ రోడ్డంతా జనం, ఆటోలు గుమ్మం దాకా రానివ్వకపోతే మీవాళ్లు నడవాల్సింది ఎటూ తప్పదు. అదే కాంప్లెక్స్ చుట్టుపక్కలో, డే అండ్ నైట్ జంక్షన్ వైపో, పాలకొండ రోడ్డు వైపో దిగితే టిఫిన్ హోటళ్లు, మందుల షాపులు, ఆటోలు అన్నీ కాలి దూరంలో ఉంటాయి. రాత్రి పూట నాన్నగారికి బీపీ మాత్ర అయిపోయిందంటే మెట్లు దిగి తెచ్చుకోవచ్చు. నాకైతే పెద్దవాళ్లతో వచ్చినప్పుడు ఇదే ముఖ్యం. నాన్ ఏసీ డబుల్ రూము మీ 1,200లో దొరకాలి. ఏసీకి ఇంకొంచెం పైకి వెళ్లాల్సి రావచ్చు. చలికాలంలో ఏసీ అక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఆ డబ్బు పెట్టండి. సముద్రం దగ్గర కదా, ఎండ కంటే ఉక్క చంపుతుంది, ఫ్యాను కింద పడుకున్నా చెమట ఆరదు.

గది చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. ముగ్గురూ మెట్లెక్కక్కర్లేదు, మీరొక్కరూ పైకి వెళ్లండి. నేనెలా చూస్తానో చెప్తాను. తలుపు తీయగానే కిటికీ ఎటుందో చూస్తాను. రెండు గోడల మధ్య సందులోకి తెరుచుకునే కిటికీ అయితే ఆ గది ఎప్పటికీ ఆరదు, ముక్క వాసన వస్తుంది. దిండు ఎత్తి పక్క దుప్పటి చూస్తాను, ఉతికింది కాకపోతే అప్పుడే మార్పిస్తాను. తర్వాత బాత్రూం. కొళాయి తిప్పి బకెట్ సగం నిండేదాకా నించుంటాను. మొదట ధార బాగా వచ్చి తర్వాత సన్నబడిపోతే ట్యాంకులో నీళ్లు అడుగంటాయని అర్థం. గీజర్ ఉందంటారు, స్విచ్ ఎక్కడుందో చూపించమనండి. కొన్నిచోట్ల అది గది బయట, తాళం వేసిన పెట్టెలో ఉంటుంది, పొద్దున్న అయిదు నుంచి ఎనిమిది దాకానే వేస్తారు. మీవాళ్లు తెల్లవారుజామున నాలుగింటికి తలస్నానం చేసి గుడికి పోవాలంటే ఆ వేళకి వేడినీళ్లు వస్తాయా లేదా అన్నది రాత్రే తేల్చుకోవాలి. రూం బాయ్‌కి ముందే చెప్పి పెడితే బకెట్‌తో తెచ్చిస్తాడు. ఆ వేళకి లేచి మెట్లెక్కి మోసుకొస్తాడు, ఆ కుర్రాడి చేతిలో ఏదో ఒకటి పెట్టండి.

మోకాళ్ల నొప్పులన్నారు గనక మీకు మరీ ముఖ్యమైనవి రెండు: కమోడ్, లిఫ్టు. పాత లాడ్జిల్లో కింద కూర్చునే దొడ్లే ఎక్కువ. "వెస్టర్న్ ఉందా" అని అడిగితే ఉందంటారు, అది మూడో అంతస్తులో ఉంటుంది. కాబట్టి రెండూ కలిపి అడగండి: "వెస్టర్న్ ఉన్న గది కింద గానీ మొదటి అంతస్తులో గానీ ఉందా? లిఫ్టుందా? కరెంటు పోతే లిఫ్టు జనరేటర్ మీద నడుస్తుందా?" అక్టోబర్, నవంబర్ నెలల్లో వస్తే ఈ ఆఖరి ప్రశ్న అస్సలు మరవొద్దు. 2014లో హుద్‌హుద్ తుఫాను, 2018లో తిత్లీ తుఫాను, రెండూ అక్టోబర్‌లోనే వచ్చాయి. తిత్లీ తర్వాత మా జిల్లాలోని ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. వాయుగుండం అన్న కబురు వింటే ప్రయాణం వాయిదా వేసుకోండి, మొక్కు ఎక్కడికీ పోదు.

రూములు ఎప్పుడు దొరకవో కూడా చెప్పాలి. మాఘమాసం ఆదివారాలు అరసవల్లికి జనం విరగబడి వస్తారు. మూఢం లేని మాఘం అయితే పెళ్లిళ్లు కూడా అప్పుడే. కల్యాణ మండపం వాళ్లు పెళ్లివారి కోసం లాడ్జిల్లో అంతస్తులకి అంతస్తులే పట్టేస్తారు. ముహూర్తం ఉన్న శనివారం రాత్రి అప్పటికప్పుడు వచ్చి రూము అడిగితే తల అడ్డంగా ఊపుతారు. పంచాంగం చూసి ముహూర్తాలు లేని వారం పెట్టుకోండి, బేరం ఆడే వీలు కూడా ఉంటుంది.

రథసప్తమికి రావాలని మీవాళ్లకి మనసులో ఉంటే, మనసు గట్టి చేసుకుని వద్దనండి. 2025లో దాన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించాక హడావిడి ఇంకా పెరిగింది. క్షీరాభిషేకం అర్ధరాత్రి దాటాక మొదలవుతుంది, నిజరూప దర్శనం కోసం ముందు రాత్రి నుంచే లైన్లు కడతారు. బండ్లు దూరంలోనే ఆపేస్తారు. ఆ రాత్రి మీరు లాడ్జిలో పడుకునేది రెండు గంటలు ఉండదు, అద్దె మాత్రం పూర్తిగా కట్టాలి. తప్పదంటే ఇరవై కిలోమీటర్ల అవతల నరసన్నపేటలోనో, వీలైతే విజయనగరంలోనో దిగి రావడం నయం. మార్చి 9, 10, అక్టోబర్ 1, 2 తేదీల్లో సూర్యకిరణాలు గర్భగుడిలో స్వామి పాదాల మీద పడతాయని వచ్చేవాళ్లూ ఎక్కువే. మబ్బు పట్టకపోతే అది నిజంగా చూడదగ్గది. ఆ రోజుల్లోనూ తెల్లవారకముందే లైన్లో ఉండాలి.

మామూలు శని, ఆది, సోమవారాలకి వస్తున్నారు కాబట్టి మీకు వారాలు చక్కగా కుదిరాయి. శనివారం పొద్దున్న దిగగానే గుళ్ల మీద పడకండి, రైలు బడలిక తీరనివ్వండి. మధ్యాహ్నం పడుకుని నాలుగింటికి శ్రీకూర్మం బయల్దేరండి, 15 కిలోమీటర్లు. విష్ణువుకి శనివారం. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, గుడికి రెండు ధ్వజస్తంభాలు, మండపం స్తంభాలు చూస్తూ నెమ్మదిగా తిరగొచ్చు. నక్షత్ర తాబేళ్లని కూడా పెంచుతున్నారక్కడ, నాన్నగారు సరదాపడతారు. ఆదివారం సూర్యుడిది, అరసవల్లి. తెల్లవారేసరికి లైన్లో ఉంటే ఎండెక్కేలోపు దర్శనం అయిపోతుంది. ఇంద్రపుష్కరిణి మెట్లు తడిగా ఉంటాయి, అమ్మగారి చెయ్యి వదలకండి. ఆ పూటంతా రూములో విశ్రాంతి. సోమవారం శివుడిది, ముఖలింగం. దూరం 45 కిలోమీటర్ల పైమాటే, కారు మాట్లాడుకోండి. ఎనిమిదిన్నరకి రూము ఖాళీ చేసి సామాను కార్లోనే పెట్టుకుని మధుకేశ్వరుణ్ణి, సోమేశ్వరుణ్ణి, భీమేశ్వరుణ్ణి చూసుకుని, అట్నుంచి అటే ఆమదాలవలస స్టేషన్‌లో దించేలా బేరం కుదుర్చుకోండి. 24 గంటల చెకవుట్ అయితే మూడో అద్దె పడదు. కళింగ గాంగుల నాటి చెక్కడాలు మధుకేశ్వర ఆలయం గోడల మీద ఎంత బాగుంటాయో! అక్కడ తొందరపెట్టకండి, కారు డ్రైవర్‌కి ముందే రెండు గంటలు ఆగాలని చెప్పండి.

యాప్‌లో చూసుకోవడం తప్పేమీ కాదు. ఫొటోలు చూడండి, ఫోన్ నెంబరు పట్టుకోండి, తర్వాత నేరుగా లాడ్జికి ఫోన్ చేసి అదే గది ఎంతకిస్తారో అడగండి. రద్దీ రోజున యాప్ బుకింగ్ తమకి రాలేదని చెప్పే కౌంటర్లు చూశాను. నేరుగా మాట్లాడి కొంత అడ్వాన్సు పంపిన వాళ్లకి ఆ బెడద తక్కువ. అద్దె చెప్పినప్పుడు జీఎస్టీతో కలిపా, విడిగానా అని అడగండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 7,500 లోపు గదులకి 5 శాతమే. 1,200 గదికి పన్ను 60 రూపాయలు, మొత్తం 1,260. ఇంకా పాత 12 శాతం లెక్క వేస్తే బిల్లు అడగండి. ఆధార్ జిరాక్స్ ఇవ్వడం ఇష్టం లేకపోతే మొదటి 8 అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకుని తెచ్చుకోండి.

అమ్మగారి మొక్కు ఏమిటో రాయలేదు. తలనీలాలైతే మాత్రం ఆదివారం లెక్క కొంచెం మారుతుంది. ముందు తలనీలాలు ఇచ్చి స్నానం చేశాకే దర్శనం కాబట్టి ఇంకో గంట ముందు బయల్దేరాలి. పుష్కరిణి దగ్గర చలికి ఆగలేరనుకుంటే ఆటోలో రూముకొచ్చి వేడినీళ్లతో పోసుకుని మళ్లీ వెళ్లండి, రెండు మూడు కిలోమీటర్లే కదా. అయితే గీజర్ ఎనిమిదింటికే కట్టేసే లాడ్జి అయితే ఆ ఒక్క పూటకి ఇంకో గంట ఉంచమని శనివారం రాత్రే కౌంటర్లో చెప్పి పెట్టండి. ఏ నెలలో వస్తున్నారో ఇక్కడ రాస్తే ఆ వారం ముహూర్తాలున్నాయో లేదో చూసి చెప్తాను.